జాలరిపేటలో వేడినీళ్ల టబ్బు

నవంబరు రెండో శనివారం. ఉదయం ఏడుంపావు. జాలరిపేట, పై వీధి.

హాజరైనవారు: ఇంటి యజమాని నూకరాజు, చక్రాల కుర్చీలో. ఆయన కూతురు మహలక్ష్మి, ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఆయన అన్న పోలయ్య, కింద వాటా. పోలయ్య కొడుకు ఎల్లాజీ, ఫైబరు బోట్లు బాగుచేసే మనిషి. నేను.

ఎండగా ఉంది. గాలి సముద్రం వైపు నుంచి, తక్కువ. టబ్బులో నీరు అంచుకు నాలుగు వేళ్ల కింద. పంపు ఆపి ఉంది.

ఇవి నా డైరీలో ఆ రోజు పేజీలోని మొదటి వరసలు. ఏ పనికి వెళ్లినా పనిముట్ల సంచి విప్పకముందు నేను రాసుకునేవి ఇవే. ఎవరున్నారు, గాలి ఎలా ఉంది, నీరు ఎక్కడుంది. గాలీ నీరూ సరే, మనుషుల పేర్లు ఎందుకని నాతో పనిచేసినవాళ్లు నవ్వేవారు. లీకు గురించి మొదటి మాట చెప్పేది ఆ ఇంట్లో మనుషులే. ఆ మాట నేను ఎన్నిసార్లు వినిపించుకోలేదో కూడా ఆ డైరీల్లోనే ఉంది.

పనిలోంచి తప్పుకుని నాలుగేళ్లయింది. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పనికొస్తుందేమోనని కొన్ని సంగతులు రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇందులో ఉండదు. దానివల్ల ఏ పైపూ బాగుపడలేదు.

పని ఏమిటంటే

మొదట ఉక్కు కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు కింద పైపుల పని చేశాను. తర్వాత ఈతకొలనులు, హోటళ్లలో వేడినీళ్ల టబ్బులు అమర్చి బాగుచేసే సంస్థలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఈ ఊళ్లో ఉప్పుగాలి ఇనుముని ఎంత త్వరగా తినేస్తుందో మీకు తెలుసు. అందుకే మాకు ఎప్పుడూ పని కరవు లేదు.

నీళ్లు పోతున్నాయని కబురు వస్తుంది. వెళ్తాం. నీళ్లు కారుతున్న చోటు చూపిస్తారు. కొత్తవాడు అక్కడే తవ్వడం మొదలుపెడతాడు. పాతవాడు ఆ చోటుని ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, మిగతా అంతా చూస్తాడు. నీరు పుట్టిన చోట ఒకటి, బయటపడే చోట ఒకటి. ఆ రెంటి మధ్య దారి వెతకడమే మన పని. మరమ్మతు చివర్లో అరగంట.

జోసెఫ్ గారు

నాకు పని నేర్పింది జోసెఫ్ గారు. మా ఫోర్‌మన్. ఆదివారం చర్చి మానేవారు కాదు, మిగతా ఆరు రోజులూ మమ్మల్ని వదిలేవారు కాదు. "మొదటి గంట చేతులు జేబులో పెట్టుకో" అనేవారు. నా ప్యాంటు జేబులు చిరిగిపోయాయి సార్ అన్నాను ఒకసారి. "కుట్టించుకో. నీ మొదటి పనిముట్టు అదే" అన్నారు.

నాకు అప్పుడు ముప్ఫై దాటలేదు. బీచ్ రోడ్డులో ఒక హోటలు ఈతకొలనులో రోజుకి జానెడు నీరు తగ్గిపోతోంది. జోసెఫ్ గారు సెలవులో ఉన్నారు. కొలను ఒక మూల టైళ్లు తడిగా కనిపించాయి. మూడు రోజులు ఆ మూలంతా పగలగొట్టించాను. కింద నేల ఎండిపోయి ఉంది. జోసెఫ్ గారు నాలుగోరోజు వచ్చి, పంపుల గదిలోకి వెళ్లి, మురుగు పైపు మూత తీసి చెవి పెట్టి విన్నారు. లోపల సన్నగా నీళ్ల చప్పుడు. ఫిల్టరు కడిగే వాల్వు పూర్తిగా మూసుకోక, నీరంతా ఎవరికీ కనబడకుండా కాలవలోకి పోతోంది. ఆ టైళ్ల మీద తడి, హోటలు వంటవాళ్లు నేల కడిగితే అటు పారిన తడి.

ఆయన తిట్టలేదు. టైళ్ల మేస్త్రి పక్కన నన్ను కూర్చోబెట్టి, నేను పగలగొట్టించిన ప్రతి టైలూ నా చేతులతోనే మళ్లీ వేయించారు. వేళ్లు సిమెంటుకి ఒరుసుకుపోయాయి. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని.

లేని లీకు

జోసెఫ్ గారు వెళ్లిపోయాక వచ్చిన మేనేజరుది వేరే దారి. "మనం చెమటోడ్చడం ఇంటాయనకి కనబడాలి" అనేవాడు. కొండ మీద ఒక డాక్టరు గారింట్లో చిన్న ఈతకొలను. నీరు తగ్గుతోందన్నారు. నేను ఒక బకెట్టులో నీళ్లు పోసి కొలను మెట్టు మీద పెట్టి, బకెట్టు లోపల ఒక గీత, బయట కొలను నీటి మట్టానికి ఒక గీత గీశాను. మర్నాటికి రెండూ ఒకేలా తగ్గాయి. అంటే లీకు లేదు. ఆ వారం పొడిగాలి విపరీతంగా ఉంది, నీరు ఆవిరైపోతోంది, అంతే.

ఆ మాటే చెప్పాను. మేనేజరు ఒప్పుకోలేదు. ఏదో ఒకటి విప్పి బిగించమన్నాడు. బాగున్న రబ్బరు వాషర్లు తీసి కొత్తవి వేశాం. వారం తర్వాత గాలి తగ్గింది, నీరు తగ్గడమూ ఆగింది. డాక్టరు గారు ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఇప్పటికీ అరగలేదు. మీకు అలాంటి పైఅధికారి తగిలితే ఎదురు చెప్పండి. నేను ఒకమాట చెప్పి ఊరుకున్నాను. ఇల్లు గడవాలి కదా అనుకున్నాను. ఆ డైరీ పేజీ తిరగేసినప్పుడల్లా తొందరగా దాటేస్తాను.

నూకరాజు టబ్బు

ఇక అసలు సంగతి. నిరుడు నా మోకాలికి వైద్యం చేసింది మహలక్ష్మి. ఆ పరిచయం మీద వచ్చి అడిగింది. "మావయ్య గారూ, ఒక్కసారి వచ్చి చూడండి. మీరు కూడా అవదంటే ఇంక తీసేస్తాం."

వాళ్ల నాన్న నూకరాజుకి అరవై. బోటు డ్రైవరుగా పనిచేశాడు. రెండేళ్ల కిందట వేటలో ఉండగా, బోటులో చేపలు దాచే ఐసు గదిలోకి జారిపడి వెన్ను దెబ్బతింది. ఆపరేషనయ్యాక కాళ్లు పూర్తిగా పోలేదు, పూర్తిగా రానూ లేదు. నేల మీద నిలబెడితే మోకాళ్లు మడతపడతాయి. నడుం లోతు గోరువెచ్చని నీళ్లలో అయితే నీరే సగం బరువు మోస్తుంది, నిలబడగలడు. మహలక్ష్మికి అది తెలుసు. భీమిలి వైపు మూతపడిన ఒక రిసార్టులో ఏడాదిగా ఎండిపోతూ పడివున్న టబ్బుని సంపాదించి, ఇంటి వెనక డాబా మీద పెట్టించింది. పన్నెండుమంది చుట్టాలు బోటుని ఒడ్డుకి లాగినట్టు దాన్ని లాగి తెచ్చారట.

అక్కడ ఇళ్లు సముద్రం వైపు దిగే వాలులో ఉంటాయి. నూకరాజు వాటా పై వీధికి సమానంగా ఉంటుంది. దాని వెనక డాబా, కింద వీధిలో ఉన్న పోలయ్య వాటాకి పైకప్పు. టబ్బు సరిగ్గా పోలయ్య పడకగది మీద ఉంది. నీళ్లతో కలిపి టన్నున్నర బరువు. స్లాబు సంగతి ముందు అడిగాను. మరో రెండు అంతస్తులు లేపుదామని వేసిన స్తంభాలనీ, ఒక ఇంజనీరు చూసి సరేనన్నాడనీ చెప్పి మహలక్ష్మి కాగితం తెచ్చి చూపించింది. అలాంటి కాగితం లేకపోతే డాబా మీది టబ్బుని మీరు ముట్టుకోకండి.

మూడు నెలలు అన్నీ బాగా జరిగాయి. నూకరాజు టబ్బులో కడ్డీ పట్టుకుని అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు వేసే స్థితికి వచ్చాడు. ఇంతలో టబ్బు కింద మూలనుంచి నీళ్లు కారడం మొదలైంది. డాబా గొట్టంలోంచి వీధిలోకి పోతుంటే ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎల్లాజీ బయటనుంచి ఫైబరు పూత వేసి ఆ మూల మూసేశాడు. వారం తిరక్కుండా కింద పోలయ్య మంచం మీద చుక్కలు పడ్డాయి. ఒక కంపెనీవాళ్లు వచ్చి, టబ్బు ఖాళీ చేయించి, అయిదు నిమిషాలు చూసి, ఇది పనికిరాదు, పారేయండి అన్నారు. పది రోజులుగా నూకరాజు నీళ్లలో దిగలేదు. కాళ్లు మళ్లీ బిగుసుకుంటున్నాయి. నేను చూస్తానని ముందురోజు సాయంత్రం మహలక్ష్మి టబ్బు నింపించింది.

"మేస్త్రీ, నీకు రేపు తొమ్మిదింటిదాకా టైము" అన్నాడు పోలయ్య, నేను చెప్పులు విప్పకముందే. "తొమ్మిదింటికి పాత సామాన్ల లారీ ఒచ్చెత్తాది. నాను మాటాడీసినాను. ఈలోపు ఏటి సేత్తావో సేసీ. మంచం మీద గొడుగేసుకుని తొంగుంటన్నాను. ఈ వయసులో నాకిదేటి?"

"మంచం జరుపుకోవచ్చు కదా పెదనాన్నా" అంది మహలక్ష్మి.

"నా మంచం నానెందుకు జరపాల? నలభయ్యేళ్లుగా అక్కడే ఉన్నాది. నీ టబ్బు జరుపు."

నూకరాజు నీళ్లనే చూస్తున్నాడు. పోలయ్య కిందకి వెళ్లాక మెల్లగా అడిగాడు. "బావా, అవుతాదేటి?"

"తెలీదు. సాయంత్రానికి చెప్తాను."

"ముందొచ్చినోళ్లు అయిదు నిమిషాల్లో సెప్పీసినారు" అని కొంచెం నవ్వాడు. "నువ్వు నయం. ఇది ఎలిపోతే నానింక ఈ కుర్సీ దిగను బావా. అన్నకి సెప్పినా తెల్దు. ఆడికి కాళ్లున్నాయి."

నా తప్పు

మెయిను స్విచ్చి ఆపించాను. నీళ్లూ కరెంటూ కలిసే చోట అది కాకుండా ఇంకేదీ మొదటి పని కాదు. తర్వాత టబ్బు చుట్టూ ఉన్న చెక్కలు విప్పాం. ఈ టబ్బులు పైకి నున్నగా ఉంటాయి గాని వెనకవైపు పసుపు రంగు నురగతో కప్పి ఉంటాయి. వేడి పోకుండా ఉండటానికి వేస్తారు. ఎండిపోయాక స్పాంజిలా గట్టిపడుతుంది. పైపులన్నీ అందులో పూడుకుని ఉంటాయి.

కింద మూలలో ఎల్లాజీ వేసిన పూత చూశాను. చక్కటి పని. అంచులు నునుపుగా, ఎక్కడా గాలిబుడగ లేదు.

"పగులు దీని వెనకే కదా?" అన్నాను.

"పగులు నాను సూణ్ణేదు బాబూ. నీరు ఇక్కడ కారతన్నాది, ఇక్కడ కట్టీసినాను" అన్నాడు ఎల్లాజీ.

ఆ మాట నా చెవిన పడింది, బుర్రలోకి వెళ్లలేదు. ఇంత పెద్ద పూత వేశాడంటే వెనక పగులు ఉండే ఉంటుందనుకున్నాను. పూత సరిగ్గా అతుక్కోలేదు, దాన్ని కోసేసి మళ్లీ వేయాలి అన్నాను.

"నాను కట్టింది ఊడదు. సముద్రంలో ఊడదు, ఇక్కడ ఊడతాదా?"

"ఊడదయ్యా. కాని తీయాలి."

మొహం మాడ్చుకుని గ్రైండింగు మిషను తెచ్చాడు. రెండు గంటలు పట్టింది ఆ పూత కోయడానికి. అంత గట్టిగా ఉంది. చివరి ముక్క ఊడిరాగానే నురగ లోపలనుంచి గోధుమరంగు నీళ్లు అర బకెట్టు భళ్లున పడ్డాయి. కిందనుంచి పోలయ్య కేక. "ఓరి ఓరి, ఇంకా పెంచీసినారేట్రా!"

టార్చి వేసి చూశాను. పూత వెనక టబ్బు గోడ నున్నగా, నిక్షేపంలా ఉంది. గీత కూడా లేదు.

డైరీలో రాశాను: పదిన్నర. రెండు గంటలు పోయాయి. తప్పు నాది.

ఎల్లాజీ చేసినదాంట్లో తప్పేమీ లేదు, వాళ్ల లెక్కలో. బోటుకి నీరు బయట ఉంటుంది, లోపలికి రావాలని చూస్తుంది. బయటనుంచి పూత వేస్తే సముద్రమే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. పుట్టినప్పటినుంచి ఆ చేతులు చేసిన పని అది. టబ్బుకి అంతా తిరగబడుతుంది. నీరు లోపలుంటుంది, బయటికి పోతుంది. ఎల్లాజీ మూసింది చిల్లు కాదు, నీరు బయటికి పోయే గుమ్మం. గుమ్మం మూశాక నీరు నురగలో నిండి, వేరే దారి వెతుక్కుని, అటుపక్క స్లాబు సందులోంచి పోలయ్య మంచం మీదకి దిగింది. ఇదంతా తెలిసుండాల్సినవాణ్ని నేను. ఆ పూత ఉన్నచోటే జబ్బు ఉందని నమ్మాను.

ఈ మాటే ఎల్లాజీకి చెప్పాను. చేతిలో గ్రైండింగు మిషను కింద పెట్టేశాడు.

"అయితే మా అయ్య మంచం తడిపింది నానేనేటి?"

నూకరాజు గట్టిగా నవ్వాడు. ఆ రోజు మొదటిసారి. "మీ అయ్యకి సెప్పకురా. గొడుగట్టుకుని నీ మీదకి ఒచ్చెత్తాడు."

నీరు ఆగిన చోటు

ఏడున్నరకి చేయాల్సిన పని పదిన్నరకి మొదలుపెట్టాను. కుర్చీ వేసుకుని కూర్చోవడం.

ఆ టబ్బుని అంతవరకూ అందరూ నింపారు, లేదంటే ఖాళీ చేశారు. నూకరాజు దిగాలి కాబట్టి ఇంట్లోవాళ్లు రోజూ నింపేవారు. కంపెనీవాళ్లు మొత్తం తీయించేశారు. దానంతట అది ఎక్కడిదాకా తగ్గి ఆగుతుందో ఎవరూ ఓపిక పట్టి చూడలేదు. పంపు నడవకుండా నీరు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగిందంటే, చిల్లు అంచు ఆ ఎత్తులో ఉన్నట్టే. దాని కింది నీటికి బయటికి దారి లేదు.

అరగంటకి ఒకసారి పెన్సిలుతో గీత గీస్తూ వచ్చాను. గుమ్మం తెరిచాం కాబట్టి మొదట త్వరగా, రెండేసి వేళ్లు తగ్గింది. తర్వాత వేలు, తర్వాత అరవేలు. మధ్యలో మహలక్ష్మి చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఎల్లాజీకి కూర్చోవడం చేతకాదు. పదినిమిషాలకోసారి లేచి వస్తాడు.

"ఏటి బాబూ, ఇలా సూత్తంటే అయిపోద్దా?"

"వలేసి నువ్వు కూర్చోవా?"

"వలేత్తే సేపలొత్తాయి. ఇక్కడేటొత్తాది?"

"లీకు వస్తుంది. ఉండు."

మూడు గంటల గీత దగ్గర నీరు ఆగింది. మూడున్నరకి అక్కడే ఉంది. నాలుక్కీ అక్కడే. టబ్బు లోపల వీపుకి నీళ్లు చిమ్మే గుండ్రటి మూతుల్ని జెట్లు అంటారు. ఆ ఎత్తులో నాలుగు జెట్లున్నాయి. పొద్దున్న మొత్తం టబ్బు మీద అనుమానం, ఇప్పుడు నాలుగు మూతుల మీద మాత్రమే.

గీతకి జానెడు పైకి మళ్లీ నింపించి, నీరు కదలకుండా పావుగంట ఆగాం. ఎవరూ అంచు మీద చెయ్యి వేయకూడదన్నాను. మహలక్ష్మి తెచ్చిన సిరంజిలో వంటలో వేసే ఎర్రరంగు ఎక్కించాను. మొదటి జెట్టు పక్కన చుక్క వదిలాను. రంగు దారంలా వేలాడుతూ అక్కడే ఉంది. రెండోదాని దగ్గరా అంతే.

మూడోదానికి వెళ్తుంటే నూకరాజు అన్నాడు. "బావా, అది కాదు. ఆ సివరిది. సముద్రం వైపుది."

"ఎలా తెలుసు?"

"ఇందాకట్నుంచి ఆ నలకని సూత్తన్నాను. నీరు కదల్లేదు గాని అది కదుల్తంది. నీరు లాగితేనే కదుల్తాది."

గోరంత నురగ ముక్క. నాకు కనబడనే లేదు. నలభై ఏళ్లు చుక్కాని దగ్గర నిలబడి నీటి పోకడ చూసిన కళ్లవి. చివరి జెట్టు అంచున రంగు వదిలాను. ఎర్రటి దారం ఒక్కసారి వంగింది, సన్నబడింది, మూతి కిందకి దూరిపోయింది.

"ఎలిపోనాది!" అని అరిచాడు ఎల్లాజీ. కూర్చున్నవాడు ఒక్కసారిగా లేచి చిన్నాన్న భుజం మీద చరిచాడు.

రబ్బరు ముక్క

నీరు కిందికి తీయించి ఆ జెట్టు విప్పితే లోపలి రబ్బరు వాషరు బిస్కత్తులా విరిగి నా చేతిలోకి వచ్చింది. రిసార్టులో ఏడాది నీళ్లు లేక ఎండిపోయింది. మళ్లీ తడి తగిలాక కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి చిట్లింది.

మద్దిలపాలెంనుంచి గోపాలపట్నందాకా నాకు తెలిసిన షాపులన్నింటికీ ఫోను చేశాను. ఆ కొలత వాషరు ఎవరి దగ్గరా లేదు. తెప్పించాలంటే వారం అన్నారు. మహలక్ష్మి వాకిట్లోకి వెళ్లి నిలబడింది. లారీ మర్నాడు తొమ్మిదింటికి.

ఎల్లాజీ విరిగిన వాషరు ముక్కలు కింద పేర్చి, కాసేపు చూసి, "ఇంజను నీళ్లపంపుకి ఏసే రబ్బరు షీటు ముక్క ఉన్నాది. ఇంతే మందం. కోసీనా?" అన్నాడు.

"కొయ్యి."

బ్లేడుతో కోశాడు. మొదటిది ఒకపక్క సన్నమైంది, పారేశాడు. రెండోది నేను బాగుందన్నాను, అతను వద్దన్నాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూపించాడు, అంచున వెంట్రుకంత నొక్కు. పొద్దున్న అతని పనిని నేను శంకించాను. ఇప్పుడు నా కంటికన్నా అతని కన్ను కచ్చితంగా ఉంది. మూడోది కుదిరింది. నేను వెనకవైపు అరచేయంత నురగ కోసి, జెట్టు వెనక భాగం తిరగకుండా పట్టుకున్నాను. అతను లోపలనుంచి బిగించాడు. జిగురు పూద్దామన్నాడు, వద్దన్నాను. సరైన రబ్బరుకి జిగురు అక్కర్లేదు. జిగురు ఆరేదాకా నీళ్లు నింపడానికి వీలుండదు, మాకు అంత వ్యవధి లేదు.

ఏడింటికి టబ్బు నిండింది. మెయిను మళ్లీ వేయించి గంట పంపు నడిపి చూశాను. కొత్త గీత గీసి, హీటరు వేసి, మూత పెట్టించి, కిందకి వెళ్లి పోలయ్య మంచం పక్కన నిలబడి చుక్కలు లెక్కపెట్టాను. నిమిషానికి నలభై ఒకటి. డైరీలో రాసుకుని ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్న

ఆరున్నరకి వెళ్లాను. మూత తీసి చూస్తే నీరు గీత మీదే ఉంది. చేయి పెడితే గోరువెచ్చగా తగిలింది. మహలక్ష్మి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే పోలయ్య మెట్లెక్కి వచ్చాడు. "కారతానే ఉన్నాది మేస్త్రీ. రేత్రంతా కారింది. ఏటి బాగుసేసినావు?"

కిందకి వెళ్లాను. నిజమే. నిమిషానికి పద్దెనిమిది. అరగంట ఆగి మళ్లీ లెక్కపెట్టాను, పదహారు. నురగలోనూ స్లాబులోనూ నిండిపోయిన పాత నీరు దిగుతోందని, రెండుమూడు రోజుల్లో ఆగుతుందని చెప్పాను. డైరీ తీసి అంకెలు చూపించాను.

"నాకు సదువు రాదు. నాకు తెలిసింది ఒకటే. కారతంది."

డైరీ మూసేశాను. ఎల్లాజీ ముందుకొచ్చాడు.

"అయ్యా, మన పాత బోటు ఒడ్డుకెక్కించినప్పుడు ఏటయింది? సముద్రంలో లేదు కదా, ఇసకలో ఉన్నాది కదా. మూడ్రోజులు కార్లేదేటి? నువ్వే కదా సెప్పినావు, తాగిన నీరు కక్కతందని?"

పోలయ్య కొడుకు వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. మెట్లెక్కి టబ్బు దగ్గరికి వెళ్లాడు. పెన్సిలు గీత ఏదని అడిగాడు. చూపించాను. గీత మీద బొటనవేలు ఆనించి, నేల మీద గొంతుక్కూర్చుని, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఏడున్నరైంది. ఎనిమిదైంది. నేను నా డైరీ కూడా తెరవలేదు.

ఎనిమిదీ పదికి లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "కదల్లేదు" అన్నాడు. తర్వాత ఎల్లాజీతో, "ఆ లారీవోడికి ఫోన్ సెయ్యి. రావద్దని సెప్పు."

"ఎందుకంటే ఏటి సెప్పమంటావు?"

"టబ్బు పనిలో ఉన్నాదని సెప్పు."

నూకరాజుని ఎల్లాజీ, మహలక్ష్మి చెరోపక్క పట్టి దించబోయారు. పోలయ్య మహలక్ష్మిని పక్కకి జరిపి తనే చంకల కింద చేతులు వేశాడు. చొక్కా భుజాలదాకా తడిసింది. నీళ్లలో నూకరాజు మొదట కూర్చున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో అన్న చెయ్యి పట్టుకుని లేవడం మొదలుపెట్టాడు. మోకాళ్లు వణికాయి. పది రోజుల విరామం కనబడుతూనే ఉంది. ఒకసారి కూలబడ్డాడు. మళ్లీ లేచాడు.

నిలబడ్డాక కడ్డీ వదిలేశాడు. పోలయ్య ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆయన వేళ్లు తెల్లబడటం నాకు కనిపించింది.

"సెయ్యి ఒదిలీ అన్నా" అన్నాడు నూకరాజు.

"పడతావురా."

"నీళ్లే కదా. ఒదిలీ."

పోలయ్య ఒక్కొక్క వేలూ తీశాడు.